యాకుత్‌పురాలో ఆస్ట్రియా

భిక్షపతి ఇంటరు సైన్సు చదివి జుగ్రాఫియా సారు అయ్యాడు. భూగోళం మీద ప్రేమ ఉండి కాదు. యాకుత్‌పురాలో కొందరు వర్తకులు కలిసి నడిపే మిడిల్ స్కూల్లో సైన్సు సారు నిక్షేపంగా ఉన్నాడు, జుగ్రాఫియా సారు మాత్రం ఎండాకాలం సెలవుల్లో కాలం చేశాడు. ఉన్న ఖాళీ అదొక్కటే. భిక్షపతి ఆ ఖాళీలో కూర్చున్నాడు, అదీ టెంపరరీగా.

పాలమ్ముకొనే ఇంట్లో అంత దూరం చదివినవాడు అతడొక్కడే. ఆ చదువు వల్ల ఇంటికి ఒరిగిందేమిటని ఎవరైనా అడిగితే తల్లి కొమురమ్మ, పాలు మాడుతున్నాయని చెప్పేది. క్రిములు చావాలని అతడు పొంగు వచ్చిన పాలను గడియారం చేతబట్టుకొని ఇంకో పావుగంట కాయించేవాడు. కూతురు సుశీల పుట్టాక ఈ జబ్బు మరీ ముదిరింది. ఎనిమిది నెలల పిల్ల నిద్రపోతుంటే పక్కన చేరి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకొనేవాడు. ఒకరోజు ముప్పై నాలుగు వచ్చింది. మరునాడు ముప్పై ఎనిమిది వచ్చేసరికి అన్నం మానేశాడు. పిల్ల ఊపిరి తీస్తూనే ఉంది కదా, అది చాలదా అని భార్య ఆండాలు ఆ కాగితంతో పొయ్యి రాజేసింది.

ఇక వాళ్ళు ఉండే చోటు సంగతి. యాకుత్‌పురా స్టేషనుకు పోయే రోడ్డు మీద వైకుంఠం సేటు ఇల్లు. సేటుకు ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు దుకాణం. ఆ ఇంటి వెనక దుర్గయ్య దొడ్డి. దుర్గయ్య దొడ్డి వెనక కొమురమ్మ దొడ్డి. కొమురమ్మ వెనక రైలు కట్ట. కుడి ఎడమలు రెండూ పరాయి వాళ్ళ గోడలు. అంటే రెండు దొడ్లకూ రోడ్డు మొహం లేదు. బర్రె బయటికి పోవాలన్నా, గడ్డి బండి లోపలికి రావాలన్నా సేటు ఇంటి పక్క సందులోంచే.

ఒకప్పుడు దుర్గయ్య వాళ్ళకు రోడ్డు మీద జాగా ఉండేది. అతడి తాత దాన్ని సేటు తాతకు అమ్మాడు. అమ్మినా తెలివి పూర్తిగా అమ్ముకోలేదు, వెనక దొడ్డి యజమానికి సందులోంచి దారి ఉండేలా కాగితం రాయించుకొన్నాడు. ఎన్ని గజాల దారి అని మున్షీ అడిగితే, గజాలు మాకు తెలియవు, రెండు బర్రెలు జోడుగా పోవాలి అన్నాడట. మున్షీ అలాగే రాశాడు. ఆ కాగితంలో కొమురమ్మ వాళ్ళ ఊసు లేదు. ఆమె బర్రెలు ముందు దుర్గయ్య దొడ్డి దాటి, ఆ తర్వాత దుర్గయ్య హక్కు మీద సందు దాటేవి. దుర్గయ్య ఆపలేదు కాబట్టి పోయేవి, అంతే.

ఆపకపోవడమే విచిత్రం, ఎందుకంటే ఆ రెండిళ్ళకు ఏడేళ్ళుగా మాటల్లేవు. కారణం నేల వాలు. కొమురమ్మ దొడ్డి ఎత్తు, అంతా రాయి, బావి లేదు. నీళ్ళకు ఆమె రోడ్డు మీది నల్లా దాకా బిందెలు మోయాలి. దుర్గయ్య దొడ్డి పల్లం, మెత్తటి మన్ను, మంచి బావి. వాన పడిన ప్రతిసారీ కొమురమ్మ పదకొండు బర్రెల పేడ, మూత్రం, కుడితి, అన్నీ కలిసి ఒక మురుగు మోరీగా జారి దుర్గయ్య గుమ్మంలోకి వచ్చేవి. ఒక శ్రావణమాసంలో అవి బావిలోకి కూడా దిగాయి. ఆ రోజు ఇద్దరూ ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకొని, ఆ తర్వాత నోళ్ళు మూసుకొన్నారు.

మాటల్లేవన్నాను గాని, పూర్తిగా లేకుండా ఎలా జరుగుతుంది? మధ్యలో ఉన్నది ఎదురొమ్ము గోడ ఒకటే, తెల్లవారుజామున ఇద్దరూ పాలు పితికేది ఒకే వేళకు. అందుకని బర్రెలతో మాట్లాడేవాళ్ళు. కొమురమ్మ తన నల్లక్క పొదుగు కింద కూర్చొని, గడ్డి బండి రేపు వస్తుందట నల్లక్కా, కొందరు తలుపు తీసి పెడితే బాగుంటుంది అనేది. గోడ అవతల దుర్గయ్య తన రాణి చెవిలో, తలుపు తీసే ఉంటుంది రాణీ, కొందరికి కళ్ళు కనపడవు అనేవాడు. పని జరిగిపోయేది. మధ్యలో బర్రెలు పాలిచ్చేవి.

ఆ ఏడాది, అంటే పందొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో, వైకుంఠం సేటు దుర్గయ్య దొడ్డి మీద కన్నేశాడు. నిజానికి కన్ను అంతకు రెండేళ్ళ ముందే పడింది. మొదట పది బస్తాల శనగపొట్టు వచ్చింది. దుకాణంలో చోటు లేదు దుర్గన్నా, నాలుగు రోజులు నీ కొట్టం పక్కన ఉంచుకో, నీ బర్రెలు నాలుగు గుప్పెళ్ళు తింటే తిననీ అన్నాడు సేటు. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి, పది బస్తాలు నలభై అయ్యాయి. తడుస్తాయని వాటి మీద రేకుల కప్పు లేచింది. రేకులు పోతాయని ఒక కావలి మనిషి వచ్చాడు. కావలి మనిషికి ఒక మంచం వచ్చింది. మంచం సందులో పడింది. ఇంత జరిగినా సేటు ఒక్కసారీ గొంతు పెంచలేదు. పండక్కి దుర్గయ్యకు పంచెల చాపు కూడా పెట్టాడు.

చివరికి, దొడ్డి నా పేర రాయి, నువ్వు బతికినన్నాళ్ళు ఇక్కడే ఉండు, నీ దొడ్లో నువ్వే ఉంటావు, మురికి బాధ నేను చూసుకుంటా అన్నాడు. దుర్గయ్యకు కొడుకులు లేరు, భార్య పోయింది. వయసు అరవై దగ్గర పడుతోంది. ఉగాది వెళ్ళగానే రిజిస్ట్రీ కచేరీకి పోదామని ఒప్పుకొన్నాడు.

ఈ కబురు విన్న రోజు భిక్షపతి ఒక తాడు తీసుకొని ప్రహరీ గోడల ఎత్తు కొలిచాడు. దొడ్డి సేటుదైతే దారి సేటుది. దారి మూస్తే పదకొండు బర్రెలు లోపల, గడ్డి బయట. కాని అతణ్ణి నిలవనీయనిది బర్రెల సంగతి కాదు. అర్ధరాత్రి సుశీలకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఎటునుంచి తీసుకుపోవాలి? గోడ ఏడడుగుల రెండంగుళాలు. పిల్లను ఎత్తుకొని దూకడం సాధ్యమా అని ఆండాలును అడిగాడు. ముందు ఒట్టి చేతులతో దూకి చూడు, కాలు విరగకపోతే పిల్ల సంగతి తర్వాత చూద్దాం అంది ఆండాలు.

అతడు దుర్గయ్య దగ్గరికి పోయాడు. పెద్దవాళ్ళకు మాటల్లేకపోయినా పిల్లలకు అడ్డు లేదు. దుర్గయ్య బావి గట్టు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు.

"మామా, నువ్వు దొడ్డి అమ్మితె మేం ఏ దారిన పోవాలె?" అన్నాడు భిక్షపతి.

"ఏడేండ్లు మీ అవ్వ బర్రెల ఉచ్చ నా బాయిల పడ్డది, గప్పుడు ఏ దారిన పోతదని ఎవలన్న అడిగిన్రా?" అన్నాడు దుర్గయ్య. "నువ్వు సైన్సు సదివినవు గద సారూ. నీళ్ళు పల్లానికి పోతయని తెల్వదా?"

మోరీని పక్కకు మళ్ళించడానికి ఒకే చోటు ఉంది. అది కొమురమ్మ అరుగు కింద. ఆ అరుగు మీద కూర్చొనే ఆమె నలభై ఏళ్ళుగా పాలు పోసేది, గల్లీ వాళ్ళకు న్యాయం చెప్పేది, కోడలికి వంకలు పెట్టేది. అరుగు తవ్వుదామని ఒకసారి అన్నందుకు భిక్షపతి మూడు రోజులు తల్లి చేతి అన్నం తినలేదు, ఆమె పెట్టలేదు.

ఇంతలో స్కూలుకు తాలీమాత్, అంటే విద్యాశాఖ, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. మంగళవారం నాడు ఎనిమిదో తరగతిలో నమూనా పాఠం. అంశం ఆయనే పంపాడు: సముద్రం లేని రెండు చిన్న పొరుగు దేశాలు, స్విట్జర్లాండు, ఆస్ట్రియా, పోల్చి చెప్పాలి. పాఠం బాగుంటే నౌకరీ పక్కా అవుతుందని హెడ్‌మాస్టరు చెవిలో వేశాడు. వర్తకుల కమిటీ తరఫున పాఠం వినడానికి ఎవరు కూర్చుంటారయ్యా అంటే, వైకుంఠం సేటు.

భిక్షపతి పుస్తకం తిరగేశాడు. స్విట్జర్లాండు పదహారు వేల చదరపు మైళ్ళు, ఆస్ట్రియా దానికి రెట్టింపు. రెండింటికీ ఒడ్డు లేదు. స్విట్జర్లాండు ఎక్కువ ఎత్తు, రాళ్ళు, మంచు. దున్నే నేల తక్కువ, పాడి మీద బతుకు. ఆస్ట్రియాకూ కొండలున్నాయి గాని, తూర్పు వైపు పల్లం, మంచి నేల, పెద్ద నది. ఆస్ట్రియాకు ఒకప్పుడు సముద్రం మీద రేవు ఉండేది, పెద్ద యుద్ధం తర్వాత అది పోయింది. అన్నిటికన్నా మించి, స్విట్జర్లాండు నెత్తిన ఇన్ అనే ఒక నది పుట్టి, తిన్నగా కిందికి జారి ఆస్ట్రియాలో పడుతుంది. అతడు పటం మీద ఆ నీలం గీత వెంబడి వేలు పోనిచ్చి, ఇది మా మోరీ కదా అనుకొన్నాడు.

అతడికి తెలియంది ఒకటే. ఆ ఇంటికి వార్తాపత్రిక పొట్లంగానే వచ్చేది. దుకాణంలో బెల్లమో చింతపండో కట్టిచ్చిన కాగితాన్ని విప్పి, మడతలు సాపు చేసి చదవడం అతడి అలవాటు. అందువల్ల ప్రపంచంలో ఏది జరిగినా యాకుత్‌పురాలో ఆ ఒక్క ఇంట్లో నెల తర్వాత, కొంచెం జిగురుగా జరిగేది.

మంగళవారం వచ్చింది. ఇన్‌స్పెక్టరు నల్ల షేర్వానీ, రూమీ టోపీ, చేతిలో చిన్న నోటుబుక్కు. ఆయనది ఉర్దూ, తెలుగు పొడిపొడిగా వచ్చు. సేటు ఆయన పక్క కుర్చీలో తలపాగా సర్దుకొని కూర్చొన్నాడు. భిక్షపతి నల్లబల్ల మీద రెండు దేశాలు గీశాడు. పాఠం ఉర్దూలో మొదలుపెట్టాడు. పిల్లల కళ్ళలో ఏమీ వెలగలేదు. సగంలో తెలుగులోకి దిగి, రెండు దొడ్లనుకోండి, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, రెండింటికీ రోడ్డు మొహం లేదు అన్నాడు. తరగతిలో సగం మంది ఆ గల్లీ పిల్లలే. వెంటనే ముందుకు వంగారు. ఏ దొడ్లో బావి ఉంది, ఏ దొడ్లోంచి మురికి ఎటు పోతుంది, అన్నీ వాళ్ళే చెప్పారు. ఇన్ నది వాసన ఎలా ఉంటుందో కూడా చెప్పారు.

ఇన్‌స్పెక్టరు సంతోషించి, సముద్రం లేని రాజ్యం ఇంకొకటి చెప్పండని అడిగాడు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో హైదరాబాదు అంది. ఆయన కాసేపు దగ్గి, జవాబు సరైనదే గాని పరీక్షలో రాయవద్దన్నాడు.

అప్పుడు సేటు గొంతు సవరించుకొన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో ధరల కోసం రోజూ పత్రిక తెప్పించేవాడు ఆయన.

"సారూ, మీరు లేని దేశం పాఠం చెప్తున్నరు. ఆస్ట్రియ యాడున్నదిప్పుడు? మొన్న శనివారం నాడే జర్మనీ దాన్ని కలుపుకున్నది."

భిక్షపతి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నల్లబల్ల మీద ఆస్ట్రియా మాత్రం అలాగే ఉంది, పెద్దగా, గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు. పక్కా నౌకరీ, సుశీల, ఏడడుగుల గోడ, అన్నీ ఒక్కసారి అతడి కళ్ళ ముందు తిరిగాయి.

కాని ఇన్‌స్పెక్టరుకూ ఆ సంగతి తెలియదు. పది రోజులుగా జిల్లాల్లో దౌరా తిరుగుతున్నాడు. పక్కన కూర్చొన్న పప్పుల వర్తకుడి వల్ల ఆ సంగతి తెలియడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. సర్కారు ఉత్తర్వును అప్పుడు గష్తీ అనేవాళ్ళు. ఆయన నోటుబుక్కు మూసి, ప్రతి మాటా విడిగా పలికాడు.

"జబ్ తక్ మహకమా సే గష్తీ నహీఁ ఆతీ, ఆస్ట్రియా మౌజూద్ హై."

పైనుంచి కాగితం వచ్చేదాకా ఆస్ట్రియా ఉన్నట్టే లెక్క. సేటుకు ఇది అవమానంగా తోచింది. అది ఎలా పోయిందో తాను చెబుతానని లేచాడు. దెబ్బలాట లేదు, తుపాకీ పేలలేదు. రెండింటిదీ ఒకటే భాష, ఒకటే జాతి, మీరూ మేమూ వేరు కాదని నయాన చెప్పారు, లోపలికి పోయారు. లోపలివాళ్ళు పూలు కూడా చల్లారు. పెద్దవాడు చిన్నవాణ్ణి చూసుకోవడం మంచిదే కదా అని ముగించాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం, రేకుల కప్పు వేయించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

భిక్షపతికి భయం ఎటు పోయిందో తెలియదు. తెలుగులో, చాలా వినయంగా అడిగాడు.

"సేట్‌జీ, ముందుగాల ఏమన్న బస్తాలు వెట్టిన్రా?"

తరగతి గోల గోలయింది. వెనక బెంచీలో ఒకడు కింద పడ్డాడు. సేటు కూర్చొన్నాడు. పిల్లలు ఎందుకు నవ్వుతున్నారని ఇన్‌స్పెక్టరు అడిగితే, ఆ రెండు దేశాల మధ్య సరుకు రవాణా గురించి అడిగానని భిక్షపతి ఉర్దూలో మనవి చేశాడు. ఆయన తల ఊపి నోటుబుక్కు మళ్ళీ తెరిచి, ఉస్తాదుకు వర్తక విషయాల మీద మంచి శ్రద్ధ ఉందని రాసుకొన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. ఆండాలు పాలు పడుతూ నవ్వి నవ్వి పిల్లకు పొలమారేలా చేసింది, అందుకు అతడు కంగారుపడి పిల్ల వీపు నిమిరాడు. కొమురమ్మ మాత్రం నవ్వలేదు. ఆ దేశాల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. ఎత్తు దొడ్డి ఏది, పల్లం దొడ్డి ఏది అని గుర్తుపెట్టుకొంది. చివరికి ఒకటే అడిగింది.

"ముందటోడు పల్లపోణ్ణి మింగుతాంటె, గా ఎత్తు మీద ఉన్నోళ్ళు ఏం జేసిన్రు?"

"ఏం జెయ్యలే అవ్వా. చూసుకుంట కూసున్నరు."

కొమురమ్మ అరుగు మీదికి పోయి చాలాసేపు కూర్చొంది. పాలకు వచ్చినవాళ్ళకు ఆ సాయంత్రం కొలత కంటే ఎక్కువే పోసిందని చెప్పుకొన్నారు.

మరునాడు తెల్లవారాక, పాలు పితకడం అయిపోయినా ఆమె నల్లక్క దగ్గరనుంచి లేవలేదు. గోడ అవతల దుర్గయ్య రాణికి దాణా పెడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు మొదలుపెట్టింది.

"నల్లక్కా, ఇన్నవా? ఆస్ట్రియ అని ఒక దేశమున్నదట. దానికి మంచి బాయి ఉన్నదట. ఇచ్చకాలు జెప్పి, పంచెల చాపు వెట్టి, ముందటోడు మింగిండట. ఇప్పుడు దాని పేరు గూడ లేదట."

అవతల దాణా చప్పుడు ఆగింది.

"రాణీ," అన్నాడు దుర్గయ్య, "గా దేశపోళ్ళు ఊకెనే ఒప్పుకున్నరా? పైనుంచి ఎవలో ఏడేండ్లు ఉచ్చ ఇడిసిన్రు కావొచ్చు. ఇసిగిపోయి ఒప్పుకున్నరు."

భిక్షపతి పిల్లను ఎత్తుకొని పాకలో నిలబడి ఇదంతా వింటున్నాడు. ఊపిరి లెక్కపెట్టడం మానేసి చాలాసేపయింది, పిల్లదీ తనదీ. కొమురమ్మ నల్లక్క వీపు మీద చెయ్యి వేసి, గట్టిగా, గోడకేసి చూడకుండా చెప్పింది.

"నల్లక్కా, అరుగు తవ్వుతున్న. మోరి పక్కకు మలుపుతున్న. ఇగ ఒక్క చుక్క కిందికి రాదు. వస్తె నా పేరు కొమురమ్మ కాదు. అమ్ముడా, ఊకునుడా, ఎవల ఇష్టం వాళ్ళది."

ఆ మధ్యాహ్నం గోడ మీదినుంచి ఒక గడ్డపార ఇటు వచ్చి పడింది.

రెండు రోజులు తవ్వారు. భిక్షపతి స్కూల్లోంచి ఒక గాజు గొట్టం తెచ్చి, అందులో నీళ్ళు పోసి మట్టం చూశాడు. గజానికి అంగుళం వాలు ఉండాలని లెక్క వేశాడు. ఆ లెక్క ప్రకారం తవ్వితే నీళ్ళు వెనక్కి వచ్చాయి. కొమురమ్మ కొంగు బిగించి, ఒక చెంబు నీళ్ళు కుమ్మరించి, అవి పోయిన దారినే తవ్వమంది. ఈసారి సరిగ్గా పోయాయి. ఇన్ నది ఆస్ట్రియాను వదిలి, కొమురమ్మ అరుగు ఉన్న చోటుగా, దుర్గయ్య గోడ వెంబడి సాగి, సందు అంచున మునిసిపాలిటీ కాలువలో కలిసింది. అరుగు పోయిన చోట ఆమె ఒక పీట వేసుకొని పాలు పోసింది. పీట మీదినుంచి న్యాయం చెప్పడం కుదరడం లేదని కొన్నాళ్ళు బాధపడింది.

ఉగాది వెళ్ళింది. సేటు టాంగా తెప్పించాడు. దుర్గయ్య కచేరీకి రానన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోమని సేటు నవ్వుతూనే అన్నాడు. మరునాటికి సందులో కావలివాడి మంచం పక్కన ఇంకో పన్నెండు బస్తాలు చేరాయి. ఒక్క బర్రె మాత్రం ఒంటరిగా, సిగ్గుపడుతూ పోయేంత సందు మిగిలింది. ఇదేమిటని అడిగితే, దారి మూయలేదు కదా అన్నాడు.

దుర్గయ్య పెట్టె అడుగునుంచి తాత రాయించుకొన్న కాగితం తీసి భిక్షపతి చేతికిచ్చాడు. భిక్షపతి చదివి, ఎందుకైనా మంచిదని కొలత తాడుతో బర్రెల వెడల్పు కొలవబోయాడు. నల్లక్కది మూడడుగులకు ఒక అంగుళం తక్కువ. రాణి కొలవనీయలేదు, తోకతో మొహాన కొట్టింది. ఆ రెండూ నిండు చూలుతో ఉన్నాయి. గల్లీ మొత్తంలో అంత లావు బర్రెలు వేరే లేవు.

తర్వాత జరిగినదానికి కొట్లాట అని పేరు పెట్టడానికి వీల్లేదు. పొద్దున బర్రెలను మూసీలో కడగడానికి తోలుకుపోయే వేళకు దుర్గయ్య రాణిని తోలాడు, అదే సమయానికి కొమురమ్మ నల్లక్కను తోలింది. ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి పోయే బర్రెలు ఆ రోజు జోడుగా సందులోకి దిగాయి. కాగితంలో రాసి ఉన్నది అదే. కావలివాడు మంచం మీద పండుకొని ఉన్నాడు. రెండు మూతులు, నాలుగు కొమ్ములు ఒకేసారి తన మీదికి రావడం చూసి, మంచాన్ని బర్రెలకు వదిలి గోడెక్కి అవతలికి దూకాడు. గోడ ఏడడుగుల రెండంగుళాలు. దూకడం సాధ్యమేనని భిక్షపతికి అప్పుడు తెలిసింది.

బస్తాల్లో ఉన్నది శనగపొట్టు. నల్లక్క ఒక బస్తా మూల నాకింది. రాణి ఇంకో బస్తాను కొమ్ముతో విప్పింది. వాటిని తొందరపెట్టడం ఎవరికీ న్యాయంగా అనిపించలేదు, చూలు బర్రెలు కదా. తిన్నంత తిని, మిగిలినదాని మీద చేయవలసింది చేసి, తాపీగా కదిలాయి. మరునాడూ అలాగే పోయాయి, ఆ మరునాడూ పోయాయి. నాలుగో రోజు సేటు వచ్చి, ఏందిది దుర్గన్నా అని అడిగితే దుర్గయ్య కాగితం చూపించాడు. చెప్పింది మాత్రం రాణితో.

"రాణీ, సేటుకు చెప్పు. రెండు బర్లు జోడుగ పోవాలె అని రాసున్నది. గవి ఎంత లావుండాల్నో రాసి లేదు."

వారం తిరిగేలోగా బస్తాలు ఉస్మాన్‌గంజ్‌కు పోయాయి. రేకులు సేటు తీసుకుపోయాడు. కప్పు పోయిన చోట ఆ నెలలోనే పుట్టిన రెండు దూడలను కట్టేశారు. దొడ్డి దుర్గయ్య పేరునే ఉంది.

సేటు ఆ కసి స్కూల్లో తీర్చుకోవాలని చూశాడు. కాని ఇన్‌స్పెక్టరు రాసిన నాలుగు ముక్కల వల్ల భిక్షపతి నౌకరీ అప్పటికే పక్కా అయిపోయింది. పక్కా అయినవాణ్ణి తీసేయలేక, అతడి దగ్గరనుంచి జుగ్రాఫియా లాగేసి డ్రిల్లు అప్పగించారు. అతడు ఏడేళ్ళు ఎండలో పిల్లలతో చేతులు పైకి కిందికి ఆడించాడు. ఎవరికి వడదెబ్బ తగులుతుందో అని ప్రతి పది నిమిషాలకూ అందరికీ మజ్జిగ పట్టించేవాడు. ఆ డ్రిల్లులో బక్కచిక్కినవాడు ఒక్కడూ లేడు. ఆస్ట్రియా గురించిన గష్తీ మాత్రం ఆ స్కూలుకు ఎన్నడూ రాలేదు. ఆ బడి లెక్కలో ఆ దేశం పోనే లేదు.

దుర్గయ్యకు గల్లీలో ఆస్ట్రియా దుర్గయ్య అని పేరు పడింది. మొదట్లో ఉడుక్కొనేవాడు. తర్వాత తర్వాత ఆ దేశం బాధ్యత తన మీద పడ్డట్టు, భిక్షపతి కనిపించినప్పుడల్లా దాని సంగతేమైందని అడిగేవాడు. యుద్ధం వచ్చింది, బియ్యానికి రేషను వచ్చింది, రాణి ముసలిదై చచ్చిపోయింది, దాని దూడ పెద్దదై అదే పేరు మోసింది. ఇంకా ఏం లేదు మామా, మింగినోడు కక్కలేదు అని భిక్షపతి చెప్పేవాడు.

నలభై అయిదులో, వానాకాలం మొదట్లో, సుశీల దుకాణంనుంచి బెల్లం పొట్లం తెచ్చింది. ఎనిమిదో ఏట ఉన్న పిల్ల, నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తుందో ఇప్పుడు తండ్రికి కూడా తెలియదు. ఎందుకంటే అది ఒక చోట నిలబడేది కాదు. భిక్షపతి అలవాటు ప్రకారం కాగితం సాపు చేశాడు. వార్త రెండు నెలల పాతది. జర్మనీ ఓడిపోతోంది, ఆస్ట్రియా మళ్ళీ వేరు దేశంగా నిలబడింది. ఒక మూల బెల్లం అంటి అక్షరాలు చెరిగిపోయాయి గాని, దేశం పేరు స్పష్టంగా ఉంది.

కాగితం పట్టుకొని బావి దగ్గరికి పోయి మామకు చదివి వినిపించాడు. దుర్గయ్య రెండుసార్లు చదివించుకొన్నాడు. కండువాతో మొహం తుడుచుకొని లేచి, గోడ పక్కన కట్టేసి ఉన్న రాణి దగ్గరికి నడిచి, గల్లీ అంతా వినేటట్టు చెప్పాడు.

"రాణీ, ఇన్నవా? మన దేశం మల్ల లేసింది."

గోడ అవతల పాల బిందె చప్పుడైంది. ముసలి కొమురమ్మ గొంతు వినిపించింది.

"నల్లక్కా, లేసిందంటె మంచిదే. దాని మోరి ఎవలు మలిపిన్రో గది గూడ చెప్పమను."

దుర్గయ్య రాణి మెడ కింద చేయి పెట్టి కాసేపు గోకాడు. పద్నాలుగేళ్ళుగా ఆ పేరు అతడి నోట రాలేదు.

"కొమురమ్మ మలిపింది అని చెప్పు, రాణీ," అన్నాడు.